సూడాను గింజలు

ముప్పై ఒక్క ఏండ్లు కదిరి రోడ్డు మీద
టికెట్లు కొట్టినోణ్ణి.
చెయ్యి చూస్తే చాలు, చిల్లర ఎంత ఉందో చెప్తా.
మొగం చూస్తే చాలు, యాడ దిగుతాడో చెప్తా.
వీని మొగం మాత్రం అందలేదు.

సూట్‌కేసు ఒకటి, దానికి ఒక చక్రం లేదు.
ఆకుతోటపల్లి మట్టిరోడ్డు మీద ఈడ్చుకుంటా వచ్చి
పై రూము అడిగినాడు.
దేశం సూడాన్. యూనివర్సిటీలో చదువు,
భూమి లోపలి నీళ్ళ గురించి.
అనంతపురంలో భూమి లోపలి నీళ్ళా! నవ్వొచ్చింది నాకు.
"ఇయ్యొద్దు" అనింది ఓబుళమ్మ, చాటలోంచి తల ఎత్తకుండా.
ఇచ్చినా. ఆర్నెల్లుగా రూము ఖాళీ పడుంది,
అంతకు మించి మంచితనం ఏమీ లేదు అందులో.

పేరు బాబికిర్.
మా నోట్లో అది బాబు అయింది రెండో రోజుకే.
వాడు నన్ను "అమ్మీ" అనేవాడు.
వాళ్ళ భాషలో నాయన తమ్ముడంట.
మా తట్టు ఆడపిల్లను పిలిచే పిలుపు.
మీసాలు నెరిసినోణ్ణి మేడ మీంచి "అమ్మీ" అంటే
వీధి వీధంతా పడీపడీ నవ్వింది.
పాల ఎర్రిస్వామి ఇప్పటికీ నన్నట్లే పిలుస్తాడు.

మూడు నెలలు రెండేసి తాళాలు వేసుకున్నాం.
నిజం చెప్పాల కదా.

ఆ పొద్దు ఓబుళమ్మ విత్తనానికి బుడ్డలు ఒలుస్తా ఉండె.
వాడు మెట్ల మీద కూర్చోని చూసి చూసి
దిగొచ్చి చాట ముందర గొంతుకూచున్నాడు.
బొటనవేలితో ఒక ఒత్తు, టప్పని ఒక చప్పుడు,
పైపొర చిరక్కుండా రెండు గింజలు బయట.
గింజ చీలితే మొలవదని వీనికెవరు చెప్పినారు?
వాళ్ళమ్మ.
కొర్దొఫాన్ అనే చోట, ఇంతే ఎర్రటి ఇసకలో,
మబ్బు కోసం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఊర్లో.
"వీటిని అరబ్బీలో ఏమంటారో తెలుసా అమ్మీ?
సూడాను గింజలు."
ఓబుళమ్మకు కోపమొచ్చింది,
"మా బుడ్డలకి ఇంకో ఊరి పేరేంది!"
ఆ రేత్రి కోపంతోనే సంగటి ముద్ద, ఊరుబిండి పెట్టింది.
వాడు ముద్ద నడుమ గుంత చేసినాడు,
అచ్చం మేము చేసినట్టే.
తినకుండా కొంచేపు ఆ గుంత తట్టే చూస్తా కూచున్నాడు.

తర్వాత వాళ్ళ దేశంలో తుపాకులు లేసినాయి.
ఫోను మోగేది, ఎత్తేవాళ్ళు లేరు.
డబ్బు ఆగింది. బాడుగ ఆగింది.
పాస్‌పోర్టు గడువు తీరింది,
దాని ఎనకాలే ఈడ ఉండే కాగితం కూడా.
కొత్తది ఇయ్యాల్సిన ఆఫీసు వీధే కాలిపోయిందంట.

గడువు తీరిన కాగితం సంగతి నాకు తెలుసు.
ముదిగుబ్బ దాటినాక, మిట్టమధ్యాన్నం,
ఒక పిలగాణ్ణి దింపేసినా నేను.
పాసు నిన్నటితో అయిపోయింది.
ఆడ చెట్టు లేదు. విజిల్ కొట్టినా.
వెనక అద్దంలోంచి చూస్తే, వాడు బస్సు వెంట పరిగెత్తలేదు.
అట్లే నిలబడుండాడు.
ఇరవై ఏండ్లాయె. ఎవరికీ చెప్పలే,
రూలు ప్రకారమే చేసినా కాబట్టి.

ఎస్పీ ఆఫీసులో రైటరు ఫారం నింపుతా అడిగినాడు,
"నువ్వేమవుతావు ఇతనికి? ఓనరా?"
"చిన్నాయన" అన్నా.
రైటరు నన్ను చూసినాడు, వాణ్ణి చూసినాడు,
పెన్నుకు మూత పెట్టినాడు.
"సోమవారం రాండి. పైనుంచి ఏం రాస్తారో చూద్దాం."

తిరుగు బస్సులో నాకు ఫ్రీ పాసు.
వానికి టికెట్ తీసినా.
కండక్టరమ్మ చిన్నపిల్ల, చిల్లర సరిగ్గానే ఇచ్చింది.
బస్సు ఆగినప్పుడల్లా వాడు సగం లేస్తాడు.
రెండేండ్లు ఈ రోడ్డునే తిరిగినోడు, ఊరు తెలీదా?
లేస్తాడు, నా తట్టు చూస్తాడు.
"ఇది కాదు బాబూ,
కూర్చో."